దేవుని గూట్లో బడి బ్యాడ్జి

జూన్ 9, సోమవారం

హొన్నప్ప నా పేరు బోర్డు మీద రాసి యాభై తొమ్మిదేళ్ళయింది. నేను మరచిపోలేదు.

దేశనూరు కన్నడ బడి, మూడో క్లాసు. మేష్టరు టీకి పోతూ మాట్లాడినవాళ్ళ పేర్లు రాయమని హొన్నప్ప చేతికి సుద్దముక్క ఇచ్చాడు. వాడు మానిటర్. నేను మాట్లాడలేదు. పక్కవాడు ఏదో అడిగితే తల ఊపాను, అంతే. మేష్టరు వచ్చి బోర్డు చూసి నన్ను కంకర మీద మోకాళ్ళేయించాడు. మధ్యాహ్నం గంట కొట్టేదాకా. లేచి ఇంటికి పోయాను. మళ్ళీ ఆ గడప తొక్కలేదు. హొన్నప్ప ఇల్లు మా ఇంటికి నాలుగిళ్ళ అవతలే. వాడితో మాట లేదు. వాడి పెళ్ళాం పోతే మట్టికి వెళ్ళాను, వాడి ముఖం చూడకుండా తిరిగొచ్చాను.

ఈ మాత్రం అక్షరాలు నాకు ప్రమీల నేర్పింది. నా భార్య. ఆదోని పక్కది, తెలుగులో ఏడో క్లాసు దాకా చదివింది.

ఈరోజు మనవరాలు శ్రుతి బడికి పోయి సంతకం పెట్టి వచ్చాను. ఎనిమిదో క్లాసు. పిల్లలందరికీ మెడలో వేసుకునే కెమెరా బ్యాడ్జి ఇస్తారట. పిల్ల ఎక్కడున్నదీ ఫోన్లో తెలుస్తుందట. నా కొడుకు జీవన్ సండూరులో ఖనిజం లారీ మీద ఉంటాడు, వారానికోసారి వస్తాడు. కోడలు చంద్రికకి జ్వరం. అందుకని నేను.

కౌంటర్‌లో అమ్మాయి ఫారం ముందు పెట్టి, చదివి చెప్పాలా తాతా అంది. వెనక పదిమంది నిలబడి ఉన్నారు. నాకు చదువు రాదనుకుంటివా పాపా అన్నాను. నాలుగు పేజీలు, అన్నీ ఇంగ్లీషు. నాలుగు చోట్ల సంతకం పెట్టాను. కోదండరామి. దీర్ఘాలతో సహా తప్పు లేకుండా.

జూన్ 11

బ్యాడ్జి వచ్చింది. అగ్గిపెట్టె అంత. మధ్యలో గాజు కన్ను, పక్కన పచ్చ దీపం.

జీవన్ సాయంత్రం ఫోన్ చేశాడు. నాయనా, పాప బస్సులో ఉండాది, కాలువ వంతెన దాటుతాండాది, చూస్తా ఉండు ఇంగ అయిదు నిమిషాలకి మన గేటు కాడ దిగుతాది అన్నాడు. ఐదు నిమిషాలకి దిగింది. వాడి గొంతులో అంత సంతోషం పెళ్ళప్పుడు కూడా వినలేదు. బిడ్డని వదిలి లారీలో పడుండేవాడికి అదొక ధైర్యం. కాదనలేదు.

జూన్ 12

బ్యాడ్జికి రోజూ ఇంట్లో ఛార్జింగ్ పెట్టాలి. ప్రమీల దాన్ని దేవుని గూట్లో పెట్టింది. జీరో బల్బుకని అక్కడ ప్లగ్గు ఉంది. పట్టా కాగితాలు, కమ్మలు, విలువైనది ఏదైనా మా ఇంట్లో ఆ గూట్లోకే పోతుంది.

ఆగస్టు 3, ఆదివారం

శ్రుతి బ్యాడ్జిని గోడవైపు తిప్పి పెడుతోందని ప్రమీల కేకలేసింది. దేవుని గూట్లో ఏదీ వీపు చూపించకూడదట. తిప్పి మళ్ళీ ముందుకి పెట్టింది.

ఆగస్టు 21

శ్రుతి తెల్లవారక ముందే లేచి దీపం వేయకుండా స్నానం చేస్తోంది. లోపావడా మీదే నీళ్ళు పోసుకుంటోందని చంద్రిక అంది. పడతావు పాపా, లైటేసుకో అంటే వినదు. ఈ వయసు పిల్లలు ఇంతే.

అక్టోబర్ 1, బుధవారం. ఆయుధపూజ. మధ్యాహ్నం

కొట్టేసి కొట్టేసి రాస్తున్నాను. అక్షరాలు నాకే తెలియడం లేదు.

దసరా సెలవులు. పొద్దున్నే ట్రాక్టరు కడిగాం. కొడవళ్ళు, మందు కొట్టే మిషన్, చంద్రిక కుట్టు మిషన్, శ్రుతి పుస్తకాలు, అన్నిటికీ విభూతి రాసి కుంకుమ పెట్టింది ప్రమీల. పిల్ల చదువుకి పనికొచ్చేది కదా అని బ్యాడ్జికి కూడా. గాజు మీదే, నడిమధ్యన, గుండ్రంగా పెద్ద బొట్టు.

పదకొండుకి ఫోన్ మోగింది. తెలియని నంబర్. కన్నడలో మాట్లాడాడు, మర్యాదగానే. అజ్జారే, మీ పాప బ్యాడ్జి కెమెరా మూసుకుపోయింది, కుంకుమ తుడిచేయండి అన్నాడు.

తుడుస్తామన్నాను. ఫోన్ పెట్టేసి తుడిచేశాను. కొబ్బరికాయ కూడా కొట్టాను. టెంకాయ చిప్పలు చేతిలో పట్టుకుని ఉండగా అప్పుడు తట్టింది.

బడికి సెలవు. పిల్ల ఇంట్లో ఉంది. బ్యాడ్జి గూట్లో ఉంది. అది కుంకుమని వాడికి ఎలా తెలిసింది?

అదే రోజు, సాయంత్రం 4

అందరూ బండి పూజకని గుడికి వెళ్ళారు. నేను కాలు నొప్పి అని ఉండిపోయాను.

గూడు నా గడ్డం ఎత్తులో ఉంటుంది. బ్యాడ్జి తీసి జేబులో పెట్టుకుని, గూటికి వీపు ఆనించి, మోకాళ్ళు కొంచెం వంచి, దాని కన్ను ఉండే చోట నా కళ్ళు ఉండేట్టు నిలబడ్డాను.

నడిమింట్లో మంచం. వంటిల్లు. వంటింటి మూలలో స్నానాల బచ్చలి. మాది పాత ఇల్లు, స్నానం అక్కడే. నడుమెత్తు గోడ. తలుపు లేదు. తాడు మీద పాత చీర వేలాడుతుంది. ఆ చీర పొద్దున వెలుతురుకి వల లాగా ఉంటుంది, అవతల మనిషి మొత్తం తెలుస్తుంది. మేం ఆడ మగ ఎవరు స్నానం చేస్తున్నా మిగతావాళ్ళం అటు చూడం. అందుకే మాకు అది పల్చబడిందని కూడా తెలియలేదు.

అది చూసింది. జూన్ నుంచి.

చంద్రిక. ప్రమీల. నేను. శ్రుతి. పదమూడేళ్ళ పిల్ల.

అక్కడే కూర్చుండిపోయాను.

అక్టోబర్ 2

ఎవరికీ చెప్పలేదు.

జీవన్‌కి చెప్తే రెండే దారులు. జాకీ రాడ్ తీసుకుని బడి మీదికి పోతాడు. లేకపోతే పిల్లని బడి మాన్పిస్తాడు. రెండూ చేసినా చేస్తాడు. పోయిన ఏడు లోడింగ్ ఆఫీసు అద్దాలు పగలగొట్టినవాడే.

ప్రమీలకి చెప్తే, దాన్ని అక్కడ పెట్టింది తనే.

సంతకం పెట్టింది నేను.

అక్టోబర్ 3

బ్యాడ్జి మీద ఇత్తడి మూత బోర్లించాను. అరగంట కాలేదు, సండూరు నుంచి జీవన్ ఫోన్. నాయనా, కెమెరా మూసినారని మెసేజ్ వచ్చిండాది, ఏంది కథ అన్నాడు. పూలు పడ్డాయిలేరా అన్నాను. మూత తీసేశాను.

పుట్టిన ఇంట్లో మూత పెట్టుకోవడానికి కొడుకుతో అబద్ధం ఆడాను.

అక్టోబర్ 4, శనివారం

శ్రుతిని మిరపచేనికి తీసుకెళ్ళాను. బ్యాడ్జి ఇంట్లోనే. నీళ్ళు కట్టే నెపం.

ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. గట్టు మీద కూర్చుని, పాపా ఆ బ్యాడ్జి ఉండాదే, అని ఆగిపోయాను. ఆ పిల్ల నా ముఖం చూడకుండానే, నాకి తెలుసు తాతా అంది.

జూలైలోనే తెలుసట. వాళ్ళ క్లాసులో ఒక అమ్మాయిని, మీ ఇంట్లో తెల్ల కుక్కపిల్ల తెచ్చినారంట కదా అని ఆఫీసువాళ్ళు అడిగారట. ఆ కుక్కపిల్ల ఇల్లు దాటి బయటికి రాలేదు. అప్పటి నుంచి ఆడపిల్లలందరూ వాళ్ళలో వాళ్ళు చెప్పుకున్నారు. కొందరు చీకట్లో స్నానం చేస్తున్నారు. కొందరు బట్టల మీదే. ఆఫ్ చేసినా మూసినా నాయనలకి మెసేజ్ పోతుంది, గోడవైపు తిప్పితే పోదు. అవ్వ తిప్పి పెట్టినప్పుడంతా నేను మళ్ళీ గోడ పక్కకి తిప్తా తాతా, అవ్వ మళ్ళీ తిప్పేస్తాది అంది.

మాకెందుకు చెప్పలేదే తల్లీ అన్నాను.

చెప్తే బడి ఇడిపిస్తారు కదా తాతా అంది. ఒక్కరింట్లో కూడా చెప్పలేదు, అందరమూ ఒట్టు పెట్టుకున్యాము అంది. నువ్వు కూడా చెప్పొద్దు, నాయనకి అసలు చెప్పొద్దు అని నా చెయ్యి పట్టుకుంది.

మడవ తెగి నీళ్ళు పక్క సాలుకి పోతున్నాయి. లేచి కట్టలేకపోయాను. ఒక క్లాసు నిండా ఆడపిల్లలు ఇంత భయం మోసుకుని బడికి పోయి లెక్కలు చేసుకుని వస్తున్నారు. మేం నలుగురు పెద్దవాళ్ళం ఇంట్లో ఉన్నాం.

అక్టోబర్ 6, సోమవారం

హొన్నప్ప ఇంటికి వెళ్ళాను.

ఎందుకంటే నాకు ఫోన్ చేసిన నంబర్ ఎవరిదో కిరాణా కొట్టులో చూపించి అడిగాను. హొన్నప్ప మనవడు మౌనేష్‌దట. ఆ బడిలోనే పనిచేస్తాడట, కంప్యూటర్ ముందు. సెలవుల్లో ల్యాప్‌టాప్ ఇంటికి తెచ్చుకున్నాడట. నాలుగిళ్ళ అవతల కూర్చుని మా గూట్లోంచి మమ్మల్ని చూశాడు.

చంపేద్దామనే పోయాను. గడప దగ్గర హొన్నప్ప వేరుశనగలు ఒలుస్తున్నాడు. తల ఎత్తాడు. ఒళగె బారో కోదండా, లోపలికి రా అన్నాడు, నిన్న కలిసి విడిపోయినట్టు. ముసలోడైపోయాడు. కింద పళ్ళు లేవు.

మౌనేష్‌ని పిలువు అన్నాను. వాడు వచ్చి నన్ను చూసి నిలబడిపోయాడు. ఇరవై ఆరేళ్ళవాడు, మెడ మీద ఎముకలు కనిపిస్తున్నాయి. మా బచ్చలి చూసినావా అని అడిగాను. వాడు తల దించుకున్నాడు. ఆ తల దించుకోవడం చూశాక నాకు కొట్టడానికి చెయ్యి లేవలేదు.

తర్వాత చెప్పాడు, ఏడుపు గొంతుతో. అర నిమిషానికొక ఫోటో తీస్తుంది అది. బడి అయిపోయినా ఆగదు. ఫోటోలన్నీ బెంగుళూరు కంపెనీకి పోతాయి, ఏడాది ఉంటాయి. ఏదైనా తేడా ఉన్న ఫోటోలు తను తెరిచి చూసి లిస్టు రాయాలి. చీకటిగా ఉన్నా తేడానే, మూసినా తేడానే. రోజుకి పదికంటే తక్కువ రాస్తే, నువ్వు చూడటం లేదని అంటారట. అజ్జా, నేను ఫోన్ చేయకపోయుంటే బెంగుళూరులో ఇంకొకడు మీ ఇంటి ఆ రోజు ఫోటోలన్నీ తెరుస్తాడు, అందుకే మీ అబ్బాయికి పోయే మెసేజ్ ఆపి మీకు చేసినాను అన్నాడు. ఇంటికి పోయినాక బ్యాడ్జిని డబ్బాలో పెట్టమని తల్లిదండ్రులకి చెప్దామని జూలైలోనే ప్రిన్సిపాల్‌ని అడిగాడట. అలా చెప్తే ఇన్ని రోజులు ఏం చూశారని అడుగుతారు, వద్దు అందట ఆమె.

జూలైలోనే తెలుసు. పిల్లలకీ తెలుసు, ఆమెకీ తెలుసు. తెలియనిది మాకే.

హొన్నప్ప ఇదంతా విని వేరుశనగల చేట పక్కన పెట్టాడు. అప్పుడు నా నోట్లోంచి వేరే మాట వచ్చింది. నా పేరు ఎందుకు రాస్తివిరా ఆ పొద్దు అన్నాను. నేను మాట్లాడలేదు కదా అన్నాను.

వాడికి గుర్తు లేదు. నెనపే ఇల్లప్పా అన్నాడు. చాలా పేర్లు రాస్తాంటిని. బోర్డు ఖాళీగా ఉంటే ముందు నిన్నే కొడతానంటుండె మేష్టరు, ఎవరిదో ఒకరిది రాయాల కదా అన్నాడు. నన్ను కాదు, మనవడిని చూస్తూ అన్నాడు.

యాభై తొమ్మిదేళ్ళు. నేను కోపం మోశాను, వాడు ఏమీ మోయలేదు. వాళ్ళ ఇంట్లో నీళ్ళు తాగి వచ్చాను.

అక్టోబర్ 9, గురువారం

నిన్న బడి తెరిచారు. ఈరోజు ప్రిన్సిపాల్ దగ్గరికి పోయాను. హొన్నప్ప వెంట వస్తానన్నాడు, వద్దన్నాను, అయినా వచ్చి గేటు దగ్గర కూర్చున్నాడు.

ఆమె పేరు సరోజినీదేవి. గోదావరి నుంచి వచ్చి ఇక్కడ వరి క్యాంపులో స్థిరపడినవాళ్ళ బిడ్డ. మంచి తెలుగు. కూర్చోండి తాతగారూ, మజ్జిగ తాగుతారా అంది. మా ఇంటి ఫోటోలు తుడిపేయండమ్మా అన్నాను. అలమరలోంచి ఫారం తీసి నా ముందు పెట్టింది. ఇరవై నాలుగు గంటలూ అని ఇక్కడ స్పష్టంగా రాసి ఉందండి, ఈ సంతకం మీదే కదా అంది.

నాదే. దీర్ఘాలతో సహా.

ఇదంతా పిల్లల రక్షణ కోసమండి అంది. పోయిన నెల కాలువలో పడబోయిన పిల్లవాడిని దీనివల్లే పట్టుకున్నాం, ఆ తల్లిని అడగండి అంది. అది నిజమే. నేను కూడా విన్నాను. కాలువ గట్టు మీద చూడండమ్మా, బచ్చలిలో ఏం చూస్తారు అన్నాను.

ఆమె తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. తాతగారూ, మీరు పెద్దవారు, ఆలోచించండి అంది. మీరు గోల చేస్తే ఊరు ఏమడుగుతుంది? ఏ పిల్లవి ఆ ఫోటోలు అని అడుగుతుంది. చివరికి మీ శ్రుతి పేరే కదండీ నలుగురి నోళ్ళలో పడేది అంది.

మజ్జిగ తాగకుండా వచ్చేశాను. బయట కొళాయి దగ్గర పిల్లలు నీళ్ళు తాగుతున్నారు. అందరి గుండెల మీదా పచ్చ దీపాలు. నేను నడిచిపోతుంటే అవన్నీ నన్ను చూస్తున్నట్టు అనిపించింది. అనిపించడం ఏమిటి, చూస్తున్నాయి.

గేటు దగ్గర హొన్నప్ప లేచి ఏమందిరా అన్నాడు. భయపెట్టింది అన్నాను. నువ్వు భయపడితివా అన్నాడు. పడ్డాను అన్నాను. ఆ మాట ఇంతవరకు ఎవరితోనూ అనలేదు.

అక్టోబర్ 10

చంద్రిక స్నానానికి లేస్తే నేను బయటికి పోయి వీధిలో నిలబడుతున్నాను, వీధిలోంచి ఎవరో చూస్తారన్నట్టు.

అక్టోబర్ 14, మంగళవారం. మధ్యాహ్నం 3

జీవన్ ఫోన్. గొంతు వేరుగా ఉంది.

బడి నుంచి మెసేజ్ వచ్చిందట. శ్రుతి బ్యాడ్జి కెమెరా మూడుసార్లు మూశారు, వార్నింగ్, అని. పోయిన గురువారం నుంచే ఆ మూడుసార్లూ. కుంకుమకి రాని వార్నింగ్ ఇప్పుడు పాప గోడవైపు తిప్పినందుకు వచ్చింది. ప్రిన్సిపాల్ ఊరికే కూర్చోలేదు.

పాప ఏం దాస్తాండాది నాయనా అన్నాడు జీవన్. ఎవురితో మాట్లాడతాండాది? ఎవడన్నా ఉన్నాడా? ఆదివారం నేను వస్తాండా. అట్లాంటిదేమన్నా ఉంటే బడీ వద్దు ఏమీ వద్దు, ఇంట్లో కూర్చుంటాది అన్నాడు.

శ్రుతి వాకిట్లో బస్సు దిగడానికి ఇంకా రెండు గంటలుంది. ఇంట్లో ఎవరూ లేరు. భయం వచ్చింది. దాంతోపాటే ఒక మాట కూడా వచ్చింది.

నేనే మూసినానురా అన్నాను. పాప కాదు, నేను. నేను నీళ్ళు పోసుకుంటాంటే అది చూస్తాండాది. నాకి సిగ్గైంది, మూసినా.

వాడు నవ్వాడు. నీకేంది నాయనా సిగ్గు, అరవై ఎనిమిదేళ్ళకి నీ ఒళ్ళు ఎవురు చూస్తారు, ఎముకలు లెక్కపెట్టుకునేకా అన్నాడు. పక్కన క్లీనర్‌తో కూడా చెప్పి నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఆగాడు.

అటు నుంచి లారీ ఇంజన్ చప్పుడు ఒకటే. తర్వాత అదీ ఆగింది. తలుపు వేసిన చప్పుడు. కిందికి దిగినట్టున్నాడు.

బచ్చలి కనిపిస్తాదా నాయనా అన్నాడు. చిన్నప్పుడు జ్వరం వస్తే అలా మాట్లాడేవాడు.

కనిపిస్తాది అన్నాను.

వస్తాండా ఇప్పుడే అన్నాడు. నేను అరిచాను. నాకే తెలియని గొంతుతో అరిచాను. రావద్దు. నువ్వు రాడ్ తీసుకుని వస్తే నీ వెనకే పాప పేరు వస్తాది. ఊరంతా ఏ పిల్ల, ఏ పిల్ల అని అడుగుతాది. దాంట్లో ఉండేది నేను. ముసలోడి ఒళ్ళు. నీకి అంతే తెలుసు. ఊరికి కూడా అంతే తెలియాల. పిల్ల మీద చెయ్యి ఎత్తినా, బడి మాన్పించినా, దాన్ని పట్టిచ్చినట్టే.

నువ్వేం చేస్తావు నాయనా అన్నాడు. రాస్తా అన్నాను. నీకి రాసేకి వస్తాదా అన్నాడు, ఎగతాళి కాదు, నిజంగా అడిగాడు.

ఇంటికి రానన్నాడు. ఆదివారం దాకా అన్నాడు. తర్వాత ఏడ్చాడు. నేను ఫోన్ పట్టుకునే ఉన్నాను.

అక్టోబర్ 15

ప్రమీలతో కూడా అదే చెప్పాను, నాకు సిగ్గయిందని. నీ ఒళ్ళు చూసి వాళ్ళే జడుసుకుని ఉంటారు అంది. నవ్వలేదు. లేచి ప్లగ్గు పీకింది. బ్యాడ్జిని బియ్యం డబ్బాలో వేసి మూత పెట్టింది. తర్వాత చాలాసేపు గూటి ముందు నిలబడింది. దీపం పెట్టలేదు.

అక్టోబర్ 17, శుక్రవారం

ఇది బడికి ఇచ్చే కాగితం. ముందు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. హొన్నప్ప కన్నడలో తిరగరాస్తాడు, సాక్షి సంతకం పెడతాడు.

ప్రిన్సిపాల్ సరోజినీదేవి గారికి.

నేను కోదండరామి, దేశనూరు. మీ బ్యాడ్జి జూన్ నుంచి నేను స్నానం చేస్తుండగా నా ఫోటోలు తీసింది. ఫిర్యాదు నాది. ఒళ్ళు నాది. వేరే ఎవరి పేరూ ఇందులో లేదు, మీరు తీయకూడదు.

ఆ ఫోటోలు నా ముందు తుడిపేయాలి. బెంగుళూరులో ఉన్నవి కూడా. బడి గేటు దాటాక ఏ పిల్ల మెడలోనూ అది ఉండకూడదు. ఫోటోలు ఎంతమంది చూశారో, వాళ్ళ పేర్లు కాగితం మీద రాసి ఇవ్వాలి.

అక్టోబర్ 27 సోమవారం పొద్దున పది గంటలకి జవాబు కావాలి. ఆ టైముకి నేను మీ గేటు ముందు తుండుగుడ్డ ఒక్కటి కట్టుకుని నిలబడి ఉంటాను, బచ్చలిలో ఎలా ఉంటానో అలాగే. మీరు చూసిందే కదా. వచ్చేపోయే తల్లిదండ్రులు కూడా చూస్తారు, ఎందుకని అడుగుతారు. నేను చెప్తాను.

ఎవరెవరు చూశారు? సోమవారం, పది గంటలకి.